ఒకే టీచరు రెండు మూడేళ్లు ఉంటే ఏమవుతుంది? ఒడిశా సరిహద్దు బడుల వైపు నుంచి ఒక పరిశీలన

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు తెలుగు ఇళ్లల్లో పిల్లల చదువు మాటొస్తే చివరికి మీడియం దగ్గరే ఆగుతుంది. ఊళ్లో ఒడియా బడికి పంపాలా, ఎక్కడైనా మిగిలిన తెలుగు బడి వెతకాలా, వ్యాను ఎక్కించి పాతపట్నం ఇంగ్లీషు మీడియానికి పంపాలా? ఇది చిన్న విషయమని నేను అనను. కానీ ఈ చర్చలో పడి ఇంకో ప్రశ్నను దాదాపు ఎవరూ అడగడం లేదు. ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఐదు దాటేలోపు ఎంతమంది టీచర్ల చేతుల మీదుగా వెళ్తోంది? ఒక్కొక్కరి దగ్గర ఎన్నాళ్లు ఉంటోంది?

ఇంటి భాష ఒకటి, బడి భాష ఇంకొకటి అయిన పిల్లలకు ఈ ప్రశ్న మీడియం ప్రశ్నంత ముఖ్యమని నా నమ్మకం. పైగా ఊరి బడి మీడియం మార్చడం మన చేతిలో లేదు. ఏ టీచరు ఏ తరగతి చెప్పాలన్నది మాత్రం చాలా బడుల్లో హెడ్మాస్టరు గదిలోనే తేలిపోతుంది.

మనకు అలవాటైన పద్ధతిలో టీచరు తరగతికి అతుక్కుని ఉంటారు, పిల్లలు ఏటా మారిపోతుంటారు. ఒకటో తరగతి టీచరు ఏటా ఒకటో తరగతికే చెబుతారు. దీనికి బదులు టీచరు కూడా పిల్లలతో పాటు రెండుకీ మూడుకీ వెళ్తే దాన్ని లూపింగ్ అంటారు. కొన్నేళ్లయ్యాక టీచరు మళ్లీ కిందికి వచ్చి కొత్త ఒకటో తరగతిని అందుకుంటారు. ఇది కొత్త సంగతి కాదు. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో 1919లో రుడాల్ఫ్ స్టైనర్ మొదలుపెట్టిన వాల్డార్ఫ్ బడుల్లో ఒకే క్లాసు టీచరు ఎనిమిదేళ్ల పాటు పిల్లలతో ఉండాలన్నది మొదటినుంచీ నియమం. ఆ పద్ధతి బడులు మన హైదరాబాదులోనూ ఉన్నాయి. ఇటలీలో ప్రాథమిక బడి ఐదేళ్లూ అదే టీచర్లు పిల్లలతో సాగడం మామూలే. ఫిన్లాండ్‌లోనూ కొన్నేళ్ల పాటు ఒకే క్లాసు టీచరు ఉండడం వింతేమీ కాదు.

ఈ మాట ఇక్కడ ఎత్తితే వెంటనే వచ్చే జవాబు ఒకటుంది. "మా ఊరి బడిలో ఐదేళ్లూ ఒక్క మాస్టారే కదా, మరి మా పిల్లలకు ఏం ఒరిగింది?" న్యాయమైన ప్రశ్న. చిక్కుముడి అసలు ఇక్కడే ఉంది కాబట్టి దీన్ని నిదానంగా విప్పాలి.

కావాలని ఉంచడం వేరు, గతిలేక ఉండడం వేరు

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని షెడ్యూలు ప్రకారం ఒకటి నుంచి ఐదు వరకు ఉన్న బడిలో 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు. సరిహద్దు గ్రామాల్లో చిన్న బడులు ఎక్కువ కాబట్టి చాలాచోట్ల మొదటి లెక్కే వర్తిస్తుంది. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. ఒకరు ఒకటి, రెండు తరగతులను ఒక గదిలో కూర్చోబెడతారు. రెండోవారు మూడు, నాలుగు, ఐదు తరగతులను ఇంకో గదిలోనో వరండాలోనో చూసుకుంటారు. ఒకరు ట్రైనింగుకో, ఓటర్ల జాబితా పనికో వెళ్లిన రోజున ఐదు తరగతులూ ఒకరి మీదే పడతాయి.

పైకి చూస్తే ఇదీ లూపింగే. పిల్ల రెండు మూడేళ్ల పాటు అదే టీచరు ముందు కూర్చుంటోంది. కానీ టీచరు సమయం ఆ పిల్లకు ఎంత దక్కుతోంది? మూడు తరగతులు ఒకే గదిలో ఉంటే, ఒక తరగతికి పాఠం చెబుతున్నంతసేపూ మిగతా రెండు తరగతులు పలకల మీద ఎక్కం రాసుకుంటూ ఉంటాయి. అక్కడ పరిచయం కొనసాగుతోంది గానీ, ఆ పరిచయాన్ని చదువుగా మార్చే సమయం దొరకడం లేదు. లూపింగ్ మేలు చేసిందని చెప్పే బడుల్లో ఆ రెండూ కలిసే ఉంటాయి. టీచరు ఒక్క తరగతినే తీసుకుంటారు, దానితోనే పైకి వెళ్తారు.

గతిలేని ఏర్పాటును మంచి పద్ధతిగా మలుచుకోవడం అసాధ్యమేమీ కాదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు పల్లె బడుల కోసం చేసింది అదే. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో ఉంటారన్న నిజాన్ని ఒప్పుకుని, పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఏ పిల్ల ఎక్కడుందో అక్కడినుంచే ముందుకు వెళ్లేలా ఒక మెట్లదారి తయారు చేశారు. ఆ ఏర్పాటులో టీచరు ఏళ్ల తరబడి అదే పిల్లలతో ఉండడం నిజంగా బలం. ఎందుకంటే ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో ఆ టీచరుకు తెలుసు. ఆ కార్డులూ, ఆ శిక్షణా లేకుండా ఉత్తినే మూడు తరగతులు ఒకచోట కలిపేసిన బడిని చూసి "లూపింగ్ వల్ల లాభం లేదు" అనడం సరికాదు.

పరిశోధనలు ఎంతవరకు చెబుతున్నాయి

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో మూడు నుంచి ఐదో తరగతి దాకా పిల్లల రికార్డులు తీసుకుని ఆండ్రూ హిల్, డేనియల్ జోన్స్ అనే ఆర్థికవేత్తలు 2018లో ఒక పరిశోధన ప్రచురించారు. రెండో ఏడు కూడా అదే టీచరు దగ్గరున్న పిల్లలకు మార్కులు కొంచెం పెరిగాయి. ఈ "కొంచెం" అన్న మాటను దాచకూడదు. పెరుగుదల చిన్నదే, కానీ లెక్కకు నిలబడేంత ఖాయమైనది. అందులో మనకు పనికొచ్చే విషయాలు రెండున్నాయి. లాభం ఎక్కువగా కనిపించింది అక్కడి మైనారిటీ పిల్లల్లో, అంటే తెల్లజాతి కాని పిల్లల్లో. పైగా పాత పిల్లలు ఎక్కువగా ఉన్న క్లాసులో కొత్తగా చేరిన పిల్లలకు కూడా మేలు జరిగింది. అంటే క్లాసు మొత్తం ఒక పద్ధతికి అలవాటు పడి ఉంటే, కొత్తగా వచ్చినవాళ్లు అందులో త్వరగా ఇమిడిపోతున్నారు.

తర్వాత టెనెసీ రాష్ట్రం రికార్డులతో జాన్ పాపే, మాథ్యూ క్రాఫ్ట్ తదితరులు చేసిన పరిశోధనలో మార్కులతో పాటు ఇంకో మార్పు కూడా కనబడింది. అదే టీచరు మళ్లీ వచ్చినప్పుడు పిల్లలు బడి ఎగ్గొట్టడం తగ్గింది, క్రమశిక్షణ చర్యలూ తగ్గాయి. మన వైపు హాజరు ఎంత పెద్ద సమస్యో తెలిసినవాళ్లకు ఈ మాట మార్కుల కంటే విలువైనదిగా తోస్తుంది. జీడిమామిడి ఏరే రోజుల్లో, కోతల రోజుల్లో, అమ్మానాన్నలు పనికి వలసపోయిన నెలల్లో పిల్లలు మాయమవుతుంటారు. మళ్లీ వచ్చిన పిల్లను "ఎక్కడికి పోయావమ్మా ఇన్నాళ్లూ" అని పేరు పెట్టి పిలిచే టీచరు ఉంటే, మర్నాడు కూడా ఆ పిల్ల వస్తుంది.

ఇంకో పరిశోధన ఎదురు దిక్కు నుంచి ఇదే మాట చెబుతుంది. హ్యూస్టన్ నగరంలో రోలండ్ ఫ్రయర్ 2013-14 నుంచి ప్రాథమిక బడుల్లో ఒక ప్రయోగం చేశారు. ఒక క్లాసుకు ఒకే టీచరు కాకుండా, హైస్కూల్లో లాగా ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో టీచరును పెట్టి చూశారు. ఎవరు ఏది బాగా చెబుతారో వాళ్లు అదే చెబితే పిల్లలు ఇంకా బాగా నేర్చుకోవాలి కదా! అలా జరగలేదు. మార్కులు తగ్గాయి. ఒక్కో టీచరు చేతిలోకి వచ్చే పిల్లల సంఖ్య పెరిగింది, ఒక్కో పిల్లను పట్టించుకునే వీలు తగ్గింది. పాతపట్నం, బరంపురం ప్రైవేటు బడులు కరపత్రాల్లో "ఒకటో తరగతి నుంచే సబ్జెక్టు టీచర్లు" అని వేస్తే అది గొప్ప అనుకునే తల్లిదండ్రులు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి. ఆరేళ్ల పిల్లకు కావలసింది ఐదుగురు నిపుణులు కాదు, తన గురించి పూర్తిగా తెలిసిన ఒక్క మనిషి.

అవతలి వైపు వాదననూ పక్కన పెట్టకూడదు. ఏటా అదే తరగతికి చెప్పే టీచరు ఆ తరగతి పాఠాల్లో, ముఖ్యంగా లెక్కల్లో, మెల్లగా ఆరితేరతారని చూపించిన పరిశోధన ఉంది. పిల్లలతో పాటు పైకి వెళ్లే టీచరుకు ఆ పట్టు కొంత తగ్గుతుంది. ఏటా కొత్త పుస్తకం, కొత్త తయారీ. కాబట్టి లూపింగ్ ఉచితంగా వచ్చేది కాదు, టీచరు ఒళ్లు వంచి కట్టే మూల్యం దానికుంది.

ఈ పరిశోధనలన్నీ అమెరికా బడులవి. ఒక గదిలో ఒక తరగతే ఉండే చోట చేసినవి. వాటిని ఎత్తుకొచ్చి పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాకు అంటించలేం. కానీ ఇక్కడి పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకుంటే లూపింగ్ అవసరం ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదని నేననుకుంటున్నాను. ఎందుకో చెప్పాలంటే ఒక తరగతి గదిలోకి వెళ్లాలి.

ఇరవై మూడు, ముప్ఫై రెండు

కాశీనగర్ వైపు ఒక ఊరి ఒడియా బడి. గదిలో సగానికి పైగా తెలుగు పిల్లలు, కొందరు సవర పిల్లలు, మిగిలినవాళ్లు ఒడియా వాళ్లు. రెండో తరగతికి లెక్కలు చెబుతున్న గురుమా (ఇక్కడ లేడీ టీచరును అందరూ అలాగే పిలుస్తారు) అంకెలు పలుకుతుంటే పిల్లలు పలకల మీద రాస్తున్నారు. ఆవిడ "తేఇశ" అంది. ముందు వరసలో ఒక తెలుగు పిల్ల 32 అని రాసింది.

ఒడియాలో 23ను పలికేటప్పుడు మూడు ముందు వినబడుతుంది, ఇరవై తర్వాత వస్తుంది. తెలుగులో పలికే వరసా, రాసే వరసా ఒకటే: ఇరవై, ఆ పైన మూడు. ఇంట్లో తెలుగులో లెక్కపెట్టే పిల్ల చెవికి ముందు మూడు వినబడితే చెయ్యి ముందు మూడే రాస్తుంది. 29 ఇంకా తికమక. దాన్ని "అణతిరిశ" అంటారు, అంటే ముప్ఫైకి ఒకటి తక్కువ. (సిరోంచ, ధర్మాబాద్ వైపు మరాఠీ బడుల్లో చదివే తెలుగు పిల్లలదీ ఇదే తంటా. మరాఠీలోనూ ఒకట్ల స్థానమే ముందు పలుకుతుంది.)

ఆ గురుమా ఇల్లు ఆ ఊరు కాదు, మాతృభాష ఒడియా. కానీ ఈ పిల్లలకు నిరుడు ఒకటో తరగతిలో కూడా ఆవిడే చెప్పింది. పలక చూసి, వచ్చీ రాని తెలుగులో "ఇరవై ఎంత?" అని అడిగింది. పిల్ల "ఇరవై మూడు" అని, తనే చెరిపేసి 23 రాసింది. అంతే, క్లాసు ముందుకు వెళ్లిపోయింది.

ఆ స్థానంలో ఈ ఏడే కొత్తగా వచ్చిన టీచరు ఉంటే ఏం జరిగేది? పలక మీద తప్పు గీత పడేది. ఇంకో నాలుగు అలాంటి తప్పులు చూశాక "ఈ పిల్ల లెక్కల్లో వీక్" అన్న మాట రిజిస్టరులోకి ఎక్కేది. కొత్త టీచరు చెడ్డవారని కాదు. తప్పు లెక్కది కాదు, వినడంలో వచ్చిందని కనిపెట్టాలంటే ఆ పిల్ల ఇంట్లో ఏ భాషలో లెక్కపెడుతుందో తెలియాలి. అది తెలియడానికి నెలలు పడుతుంది. తెలిసేసరికి ఏడాది అయిపోతుంది, పిల్ల ఇంకో టీచరు దగ్గరికి వెళ్తుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది.

చదవడంలోనూ ఇంతే. ఒడియా అక్షరాలు గుండ్రంగా ఉండి మన అక్షరాల్లాగే కనబడతాయి గానీ, వాటిలోని అకారం ఒకారానికి దగ్గరగా పలుకుతుంది. అక్షరాన్ని గుర్తుపట్టిన పిల్ల దాన్ని తెలుగు పద్ధతిలో పలికితే, బాగా చదివిందనాలా, తప్పు చదివిందనాలా? పిల్ల గురించి తెలిసిన టీచరు "అక్షరం వచ్చింది, ఉచ్చారణ సర్దుకుంటుంది" అని వదిలేస్తారు. తెలియని టీచరు అక్షరం దగ్గరికే మళ్లీ తీసుకెళ్తారు.

ఇక్కడ ఇంకో విషయం ఉంది, దాన్ని పరిశోధనలు పెద్దగా పట్టించుకున్నట్టు కనబడదు. రెండో ఏడు ఉండడం వల్ల పిల్ల గురించి టీచరుకు తెలియడం ఒక్కటే కాదు, టీచరే పిల్ల భాష నేర్చుకుంటారు. ఆ గురుమాకు వచ్చిన తెలుగు ఏ ట్రైనింగులోనూ రాలేదు. నిరుడంతా ఆ పిల్లలూ, వాళ్ల అమ్మలూ నేర్పారు. ఏటా టీచరును మారిస్తే ఆ తెలుగు పనికొచ్చే సమయానికే ఆవిడ చేతిలో కొత్త పిల్లలుంటారు. వాళ్లలో ఎవరి ఇంటి భాష ఏదో మళ్లీ కనుక్కోవాలి. అమ్మల సంగతీ ఇంతే. ఒడియా మాట్లాడడానికి మొహమాటపడే తల్లి మొదటి ఏడు బడి గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోతుంది. ఆ టీచరే రెండో ఏడూ ఉంటే లోపలికి వచ్చి "మా గుంటకి సరిగ్గా కనబడటం లేదేమో చూడండమ్మా" అని చెప్పగలుగుతుంది.

ఈ నేల మీద దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో టీచరుగా చేరారు. మూడు దశాబ్దాల పాటు అక్కడే పనిచేశారు. ఆ క్రమంలోనే సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారు చేశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. ఆయన రెండేళ్లకో బదిలీ మీద వెళ్లిపోయి ఉంటే ఆ పని జరిగేదా అని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఒడిశా ప్రభుత్వం 2006-07 నుంచి సవర, కువి, కోయ లాంటి పది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టి, తర్వాత 21 భాషలకు పెంచింది. మంచి పని. అది గిరిజన భాషల కోసం పెట్టిన ఏర్పాటు కాబట్టి తెలుగు అందులోకి రాలేదు. అందుకే మన పిల్లలకు కార్యక్రమం కంటే మనిషి మీద ఆధారపడక తప్పడం లేదు.

ఏడాదికి రెండుసార్లు మొదలు

ఒడిశాలో కొత్త తరగతులు ఏప్రిల్లో మొదలవుతాయి. పట్టుమని నెల రోజులు నడిచేసరికి ఎండలు ముదిరి సెలవులిస్తారు, మళ్లీ జూన్‌లో తెరుస్తారు. కొత్త టీచరైతే ఏప్రిల్ అంతా పేర్లు తెలుసుకోవడంలో పోతుంది, జూన్‌లో సగం మళ్లీ గుర్తు చేసుకోవడంలో పోతుంది. పాత టీచరైతే ఏప్రిల్ మొదటి వారంలోనే పాఠం మొదలవుతుంది. వేసవికి ఎవరికి ఏ పని ఇచ్చి పంపాలో తెలుస్తుంది, జూన్‌లో అది చేశారో లేదో అడిగే మనిషీ ఆవిడే. లూపింగ్ వల్ల వచ్చే లాభంలో పెద్ద భాగం ఈ మొదటి నెలలదేనని నా అంచనా.

ఎప్పుడు చెడుతుంది

అన్నిటికంటే పెద్ద భయం తల్లిదండ్రులు చెప్పేదే: టీచరు మంచివారు కాకపోతే? ఒక ఏడాదైతే ఎలాగో గడిచిపోతుంది, మూడేళ్లు అదే మనిషి కింద ఉండాలంటే పిల్ల చదువే పోతుంది. ఈ భయాన్ని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు. పిల్లల్ని కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించినా, కొట్టే టీచర్లు ఉన్నారు. ఒక వీధి పిల్లల్ని వెనక కూర్చోబెట్టే టీచర్లూ ఉన్నారు. ఒక కులం పిల్లలతోనే గది ఊడ్పించే మనిషి దగ్గర మూడేళ్లు ఉంచడం కంటే ఏటా టీచర్ని మార్చడమే నయం. అందుకే ఏడాది చివర తల్లిదండ్రులు వద్దంటే ఆ పిల్లను వేరే గదిలోకి మార్చే వీలు లేకుండా లూపింగ్ పెట్టకూడదు. ఇద్దరే టీచర్లున్న బడిలో ఆ వీలు కష్టం. అలాంటిచోట టీచరును మార్చమని అడగాలి తప్ప పిల్లను సర్దుకోమని చెప్పకూడదు.

రెండోది కంటికి కనబడని చెడు. పిల్ల గురించి బాగా తెలుసన్న నమ్మకం కొన్నాళ్లకు "వాడింతే" అన్న మాటగా గట్టిపడుతుంది. ఒకటో తరగతిలో నోరు విప్పని పిల్లాడు మూడో తరగతికి వచ్చేసరికి మారిపోయి ఉండొచ్చు. కానీ టీచరు కళ్లకు ఇంకా ఆ పాత పిల్లాడే కనబడతాడు. దీనికి మందు ఉంది, ఖర్చు కూడా లేదు. అర్ధ సంవత్సరం పరీక్షలప్పుడు ఆ క్లాసును పక్క గది టీచరు చూడాలి. చదివించడం, రాయించడం, మాట్లాడించడం ఆవిడ చెయ్యాలి. కొత్త కళ్లతో చూసిన మనిషి "ఈ పిల్లాడు బాగానే చెబుతున్నాడే" అంటే, పాత టీచరు ఆలోచనలో పడతారు. పల్లె బడుల్లో టీచర్లు ఒకరి క్లాసులోకి ఒకరు వెళ్లడం మొహమాటంగా అనుకుంటారు. ఆ మొహమాటం పోవాలి.

టీచరుకే ఒక సబ్జెక్టులో పట్టు తక్కువైతే ఆ లోటు మూడేళ్లూ పిల్లల వెంటే వస్తుంది. తెలుగు చదవగలిగే టీచరు లెక్కల్లో వెనకబడి ఉండొచ్చు. అలాంటప్పుడు గదులు మార్చకుండా ఆ ఒక్క గంటకు టీచర్లను అటూ ఇటూ మార్చుకుంటే సరిపోతుంది.

అసలు నిలబడే టీచరు ఉన్నారా

ఇన్ని మాట్లాడుకున్నా, టీచరు ఉంటేనే కదా! మన వైపు బడుల్లో లూపింగ్‌ను తెంచేది పద్ధతి కాదు, బదిలీ ఉత్తర్వు. మైదాన జిల్లాల నుంచి పోస్టింగు మీద వచ్చినవాళ్లు మొదటి రోజు నుంచే సొంత జిల్లాకు దరఖాస్తు పెట్టుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం. ఇల్లూ వాకిలీ అక్కడ, ఉద్యోగం ఇక్కడ. శిక్షా సహాయకులుగా, జూనియర్ టీచర్లుగా తక్కువ జీతాల మీద ఏళ్లకేళ్లు గడిపినవాళ్లకు ఒక ఊరితో బంధం పెంచుకోమని చెప్పడం కూడా కష్టమే. ఇవి చాలనట్టు డిప్యుటేషన్లు. రిజిస్టరులో పేరు ఈ బడిలో ఉంటుంది, మనిషి ఇంకో బడిలో ఉంటారు.

2020 జాతీయ విద్యా విధానం ఈ విషయంలో స్పష్టంగానే మాట్లాడింది. టీచర్లను అతిగా బదిలీ చేయడం హానికరమని, పిల్లలకు అవే మనుషులు, అదే వాతావరణం కొనసాగాలంటే అది ఆగాలని రాసింది. అదే విధానం కనీసం ఐదో తరగతి దాకా మాతృభాషలో చదువు అంటుంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే అంటుంది. రాజ్యాంగం 350ఎ అధికరణ 1956 నుంచి భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకు తగిన సౌకర్యాలు ఉండాలంటోంది. బడిలో 40 మందో, తరగతిలో 10 మందో ఆ భాష పిల్లలుంటే టీచరును ఇవ్వాలని 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. ఈ హక్కులన్నీ మీడియం గురించి వాదించడానికే వాడుతున్నాం. తెలుగు వచ్చిన టీచరును ఆ బడిలోనే మూడేళ్లు ఉంచమని అడగడానికి కూడా ఇవే ఆధారాలు. ఒడియా మీడియం బడిలోనైనా సరే, ఒకటో తరగతి గదిలో తెలుగు, ఒడియా రెండూ వచ్చిన ఊరి టీచరు ఉండడం పిల్లకు పెద్ద ఆసరా. పర్లాకిమిడి, బరంపురం, రాయగడ చుట్టుపక్కల రెండు భాషలూ నీళ్లలా మాట్లాడే టీచర్లకు కొదవ లేదు. వాళ్లను ఎక్కడ, ఎన్నాళ్లు ఉంచుతున్నామన్నదే సమస్య.

ఎన్నేళ్లు

ఐదేళ్లు వద్దనే నా అభిప్రాయం. ఒకటి నుంచి మూడు దాకా ఒకరు, నాలుగు ఐదు ఇంకొకరు. కారణం చెబుతాను. మొదటి మూడేళ్లలోనే పిల్ల ఇంటి భాష నుంచి బడి భాషలోకి దాటాలి, చదవడం రాయడం పట్టుబడాలి. 2021 జూలైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ కూడా మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లకూ చదవడం, ప్రాథమిక లెక్కలు రావాలని, 2026-27 నాటికి అది సాధించాలని గడువు పెట్టుకుంది. ఆ గడువుకు ఎవరు జవాబుదారీ? మూడేళ్లలో ముగ్గురు మారితే ముగ్గురూ వేలు పక్కవారి వైపు చూపిస్తారు. ఒక్కరే ఉంటే, పిల్ల మూడో తరగతి చివర చదవగలిగిందా లేదా అన్నదానికి ఆ ఒక్కరే నిలబడి చెప్పాలి. మంచి టీచరుకు ఇది బరువే, కానీ గర్వంగా మోసే బరువు కూడా. నాలుగో తరగతి నుంచి సబ్జెక్టు బరువు పెరుగుతుంది, ఇంగ్లీషు గట్టిపడుతుంది. అప్పుడు కొత్త మనిషి, కొత్త పద్ధతి పిల్లకు మేలు చేస్తాయి. ఆరులో బడే మారుతుంది కాబట్టి మార్పుకు కొంచెం అలవాటు పడ్డమూ మంచిదే.

ఇద్దరు టీచర్ల బడికి కూడా ఈ లెక్క సరిగ్గా సరిపోతుంది. ఒకరికి మూడు తరగతులు, ఒకరికి రెండు. ఇప్పుడున్న ఏర్పాటును తలకిందులు చెయ్యక్కర్లేదు. మూడో తరగతి చిన్న తరగతుల గదిలోకి మారి, ఆ గది ఎవరికి ఇవ్వాలన్న నిర్ణయం మారితే చాలు. సాధారణంగా ఆ గది కొత్తగా చేరినవారికి, అనుభవం లేనివారికి పడేస్తారు. తెలుగు వచ్చినవారికి, ఊరికి దగ్గరగా ఉండేవారికి, కనీసం మూడేళ్లు బదిలీ కోరనని చెప్పేవారికి ఇవ్వాలి.

ఇది అడగడానికి వేదిక ఉంది. ప్రతి ప్రభుత్వ బడికీ ఉండాల్సిన స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో ముప్పాతిక వంతు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేసేది ఆ కమిటీయే. మీటింగంటే సంతకాలు, మధ్యాహ్న భోజనం లెక్కలు అనుకుని వెళ్లకపోవడం వల్ల ఈ అధికారం వాడకుండానే ఉండిపోతోంది. ఏప్రిల్లో తరగతులు పంచకముందే, అంటే ఫిబ్రవరి మార్చి మీటింగులోనే, ఏ తరగతికి ఎవరు, ఎన్నాళ్లు అన్నది అజెండాలో పెట్టించాలి. ఒకటో తరగతి టీచరునే రెండుకూ కొనసాగించాలని తీర్మానం రాయించి, ఒక కాపీ బ్లాక్ ఎడ్యుకేషన్ ఆఫీసరుకు పంపాలి. తీర్మానం ఉన్నంత మాత్రాన బదిలీ ఆగుతుందని నేను హామీ ఇవ్వలేను. కానీ ఏ కాగితమూ లేని బడి టీచరును కదపడం ఎప్పుడూ తేలిక.

బదిలీ తప్పని చోట కూడా చెయ్యగలిగింది ఒకటుంది. వెళ్లే టీచరు ఒక్కో పిల్లకు ఒక్కో పేజీ రాసి పెట్టాలి. ఇంట్లో ఏ భాష, లెక్క ఏ భాషలో పెడుతుంది, ఏ అక్షరాల దగ్గర తడబడుతుంది, ఏ నెలల్లో ఊరు వదిలి వెళ్తుంది, బడికి వచ్చి మాట్లాడేది అమ్మా, అమ్మమ్మా, మేనమామా. మార్కుల రిజిస్టరులో ఇవేవీ ఉండవు. ఒడియాలో రాసినా, తెలుగులో రాసినా, సగం సగం రాసినా ఫర్వాలేదు. కొత్త టీచరు చేరిన రోజునే, హాజరు పట్టీతో పాటు ఆ పేజీలు కూడా చేతిలో పెట్టాలి.